రంగులు చూసి మోసపోకు

అమ్మాయ్,

మీ క్యాథ్ ల్యాబ్‌లో (రక్తనాళాల్లోంచి గుండెలోకి సన్నటి గొట్టాలు పంపి చికిత్స చేసే గది) ఫ్యూజన్, అంటే ముందే తీసిన సీటీ బొమ్మని లైవ్ ఎక్స్‌రే మీద పరిచి చూపే పద్ధతి, పెట్టారనీ, వచ్చే వారం సైనస్ వీనోసస్ కేసుకి (కర్ణికల మధ్య పైభాగంలో పుట్టుకతో ఉండే రంధ్రం) వాడబోతున్నావనీ చెప్పావు. ఫోన్‌లో తొందరగా చెప్పి వదిలేసే విషయాలు కావు కనుక రాస్తున్నాను.

సెగ్మెంటేషన్, అంటే సీటీలో కావలసిన భాగాల్ని విడదీసి రంగులేయడం, టెక్నీషియన్‌కి వదిలేయకు. ముందు రోజు రాత్రే కూర్చుని నువ్వే చేసుకో. చేస్తుంటేనే ఆ గుండె ఎలా ఉందో నీ బుర్రకెక్కుతుంది. ఎస్‌వీసీ (పై శరీరం నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర), దాంట్లో కలుస్తున్న కుడి పై పల్మనరీ వెయిన్ (ఊపిరితిత్తి నుంచి రక్తం తెచ్చే సిర), ఎడమ కర్ణిక. ఈ మూడూ చాలు. అన్నిటికీ రంగులేస్తే స్క్రీన్ మీద సంక్రాంతి ముగ్గు కనిపిస్తుంది కానీ వైరు కనిపించదు. సీటీ తేదీ కూడా చూడు. పసిబిడ్డయితే కొద్ది నెలల్లోనే కొలతలు మారిపోతాయి. అలాగని ఫ్యూజన్ కోసమే ఇంకో సీటీ తీయించకు. ల్యాబ్‌లో మిగిల్చిన రేడియేషన్ స్కాన్ గదిలో ఖర్చుపెట్టినట్టవుతుంది.

ఇక అసలు తంటా రిజిస్ట్రేషన్‌తోనే, అంటే సీటీ బొమ్మని లైవ్ ఎక్స్‌రేతో సరిగ్గా కలపడంతోనే. సీటీలో చేతులు తలపైకి ఉంటే టేబుల్ మీద కూడా అలాగే ఉంచు. ఒక్క వ్యూలో సరిపోయిందని సరిపెట్టుకోకు. కనీసం 30 డిగ్రీల తేడాతో రెండు వ్యూలు తీసుకో. బైప్లేన్ (ఒకేసారి రెండు దిక్కుల నుంచి తీసే ఎక్స్‌రే) ఉంటే ఏపీ (ఎదురుగా), లేటరల్ (పక్కనుంచి) తీసుకుంటే ఇంకా మంచిది. వెన్నెముక చక్కగా కలుస్తుంది, కానీ గుండె వెన్నెముకకి అతికించి లేదు కదా, ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. అందుకే శ్వాసనాళం రెండుగా చీలే చోటు కూడా కలిసిందా లేదా చూస్తాను నేను. రెండు బొమ్మల్లోనూ కనిపించే పాత స్టెంటో, స్టెర్నల్ వైర్లో (ఆపరేషన్‌లో రొమ్ము ఎముకని కట్టిన తీగలు) ఉంటే మన అదృష్టం.

ఒకసారి నేను దెబ్బతినబోయాను. రిజిస్ట్రేషన్ అద్దంలా కుదిరింది. తర్వాత టీఈఈ (అన్నవాహిక లోంచి గుండెని చూసే అల్ట్రాసౌండ్) ప్రోబ్ వేస్తూ పేషెంట్‌ని కాస్త పైకి జరిపారు. టేబుల్ కదిలితే మెషీన్‌కి తెలుస్తుంది, టేబుల్ మీద మనిషి జరిగితే తెలియదు. స్క్రీన్ మీద సీటీ బొమ్మ గీసిన నీలం గీత మాత్రం దర్జాగా పాత చోటే ఉంది. ఎందుకో అనుమానం వచ్చి చిన్న పఫ్ డై (ఎక్స్‌రేలో నాళాల్ని కనిపించేలా చేసే మందు) ఇచ్చాను. వెయిన్ నోరు గీతకి వేలెడు దూరంలో ఉంది! అప్పట్నుంచి ప్రోబ్ వేశాక ఒకసారి, స్టిఫ్ వైరు (గట్టి తీగ) ఎక్కించాక ఒకసారి సరిచూసుకుంటున్నాను. స్టిఫ్ వైరు వంకర నాళాన్ని సాగదీసి నిలబెడుతుంది, సీటీ బొమ్మ మాత్రం వంకరగానే ఉంటుంది.

డై మిగులుతుందన్నది నిజమే. మూడు కిలోల బిడ్డకి కిలోకి 5 మి.లీ. చొప్పున వేసుకున్నా మొత్తం 15 మి.లీ.నే, నాలుగు షాట్లకే అయిపోతుంది. కానీ చివరి షాట్ దగ్గర పిసినారితనం చేయకు.

నీ కేసులో కవర్డ్ స్టెంట్ (పైన పొర ఉన్న లోహపు గొట్టం) వదలక ముందు ఎస్‌వీసీలో బెలూన్ నింపి, పల్మనరీ వెయిన్ రక్తం ఎడమ కర్ణికకి అడ్డు లేకుండా పోతోందో లేదో టీఈఈలో చూడు. వెయిన్‌లో ప్రెషర్ పెరిగితే ఆగిపో, సర్జన్‌తో మాట్లాడు. ఆ ఒక్కటి ఓవర్‌లే, అంటే తెర మీద పరిచిన సీటీ బొమ్మ, చెప్పలేదు. బొమ్మలో రక్తం పారదు కదా.

కేసుకి ముందు రోజు, పేరు తీసేసి సీటీ పంపు. రాత్రి పదిన్నర దాకా మెలకువగానే ఉంటాను. మీ ఆంటీ తిట్టినా సరే, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సర్