పరాయి దేశపు బడిలో మన పిల్ల: నవల రాస్తున్న మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల మొదటి మూడు అధ్యాయాలూ, మిగిలిన కథ సారాంశమూ శ్రద్ధగా చదివాను. విశాఖలో మూడో తరగతి పూర్తిచేసిన పిల్ల, తండ్రికి యోకోహామాలో ఉద్యోగం రావడంతో జపాన్ వెళ్లి అక్కడి బడిలో నాలుగో తరగతిలో చేరడం అన్న ఇతివృత్తం నాకు ఎంతో నచ్చింది. ఒకప్పుడు మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలకు వచ్చేవి. మన పిల్లలు మంచునూ, సమోవారునూ, భూర్జ వనాలనూ తెలుగులోనే చదువుకున్నారు. అయితే ఆ కథల్లో తిరిగినది అక్కడి పిల్లలు. నీ కథలో మన పిల్ల వెళుతోంది కనుక, దీన్ని తేలికగా తీసుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి అధ్యాయం, అంటే జాలరిపేటలో అమ్మమ్మ ఇంటి దగ్గర జరిగేదంతా, చక్కగా ఉంది. రెండో అధ్యాయం నుంచి మాత్రం పిల్ల కేవలం ప్రేక్షకురాలైపోయింది. ఫ్యూజీ పర్వతాన్ని చూసింది, బుల్లెట్ రైలును చూసింది, చెర్రీ పూలను చూసింది. చూసిన ప్రతిసారీ ఆశ్చర్యపోయింది. సెలవులకు వెళ్లినవారికి అంతకంటె పని ఉండదు గాని, అక్కడే ఉండిపోవలసిన పిల్లకు చూడటంతో రోజు గడవదు. దిగిన రెండు మూడు రోజుల్లోనే ఆమె చేతికి ఒక పని అప్పగించు. ఆ పని సరిగా చేయడం ఆమెకు రాకూడదు, చేయకుండా తప్పించుకోవడానికీ వీలుండకూడదు. కథ అక్కడినుంచి తనంతట తానే నడుస్తుంది.

పని కోసం నువ్వు ఎక్కడో వెతకనక్కరలేదు, అక్కడి బడిలోనే ఉంది. జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో తరగతి గదులనూ, నడవాలనూ పిల్లలే శుభ్రం చేస్తారు. తడిపి పిండిన గుడ్డను నేలమీద పరిచి, రెండు అరచేతులూ దానిమీద ఆన్చి, నడుము పైకెత్తి, నడవా ఈ చివరి నుంచి ఆ చివరికి తోసుకుంటూ పరుగెత్తుతారు. ఈ సంగతి నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి, మన పిల్లలు కూడా ఇలా ఉంటే ఎంత బాగుండునో అని వ్యాఖ్య చేర్చావు. ఆ వ్యాఖ్యను తీసేయాలమ్మా. చదివే పిల్లకు అది మందలింపులా తగులుతుంది, పుస్తకం మూసేస్తుంది. దానికి బదులు ఆ పిల్లను నడవాలో పరుగెత్తించు. చేతులు జారి బోర్లా పడనీ, పక్కపిల్ల గుడ్డను ఎంత గట్టిగా పిండాలో చేసి చూపించనీ. సాయంత్రం ఇంటికి వచ్చి ఈ మాట చెబితే, బడికి పంపింది నేల తుడవడానికా అని తల్లి మండిపడనీ. మన ఇళ్లలో ఏ పని ఎవరు చేయాలన్నదాని వెనుక ఎంత చరిత్ర ఉందో నీకు నేను చెప్పనక్కరలేదు. తల్లి కోపం నిజమైనది, పిల్ల మోకాలిమీది దెబ్బా నిజమైనదే. ఆ రెంటి మధ్యా తీర్పు చెప్పే బాధ్యత రచయిత్రిగా నీది కాదు.

రోజులు, నెలల లెక్క మరొకసారి సరిచూసుకో. మన బడుల్లో వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో ముగుస్తాయి. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్ మొదట్లోనే ప్రారంభమవుతుంది. పరీక్షలు రాసి బయలుదేరిన పిల్ల యోకోహామాలో దిగేసరికి అక్కడి చెర్రీ పూలు రాలిపోయి ఉంటాయి, తరగతిలో ఎవరి స్నేహాలు వారికి కుదిరిపోయి ఉంటాయి. ఆమె చేరిన కొద్ది రోజులకే, ఏప్రిల్ చివరా మే మొదటా వచ్చే వరుస సెలవులకు బడి మూసేస్తారు. తెలిసినవాళ్లు ఒక్కరూ లేని ఊళ్లో ఆ సెలవులు ఎలా గడిచాయన్నది, నువ్వు రాసిన పూల వర్ణనకంటె ఎక్కువ కథ ఇస్తుంది.

భాష విషయంలో తొందరపడ్డావు. మూడో అధ్యాయానికే పిల్ల జపనీస్‌లో జోకులు వేస్తోంది. అక్కడి పిల్లలు మూడో తరగతి ముగిసేనాటికి, మామూలు అక్షరాలతో పాటు 440 కంజీ లిపి చిహ్నాలు కూడా నేర్చుకుని ఉంటారు. నీ పిల్ల సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడ తరగతిలో మొదటి వరుసలో ఉన్న పిల్లకు, అక్కడ ఒకటో తరగతి పుస్తకం చేతికి ఇస్తే ఎలా ఉంటుందో రాయి. ఆమెకు అర్థం కాని సంభాషణను నువ్వు తెలుగులో పాఠకులకు వినిపించవద్దు. ఆమె విన్నంతే, గ్రహించినంతే రాయి. పొరపాటుగా గ్రహిస్తే ఆ పొరపాటునే రాయి.

బెంగ గురించి కూడా ఒక మాట. ప్రతి అధ్యాయం చివరా పిల్ల అమ్మమ్మను తలచుకుని కన్నీరు పెడుతోంది. స్విట్జర్లాండు రచయిత్రి జొహానా స్పైరీ 1880-81లో రాసిన హైడీ నవలను మరొకసారి తీసి చదువు. కొండల్లో పెరిగిన పిల్లను ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సంపన్నుల ఇంటికి పంపుతారు. గట్టి రొట్టె నమలలేని ముసలమ్మ కోసం ఆ పిల్ల తనకు పెట్టిన మెత్తటి రొట్టెలను బట్టల అల్మారాలో దాచుకుంటుంది. ఆ రొట్టెలు బయటపడినప్పుడు పాఠకులకు కలిగే బాధ కన్నీళ్ల వర్ణన వల్ల కలగదు. నీకూ అలాంటి వస్తువు అందుబాటులోనే ఉంది. జపాన్ ఇళ్లలో చారుకు ఉడకబెట్టి ఎండబెట్టిన చిన్న చేపలను వాడతారు. స్నేహితురాలి ఇంట్లో ఆ పొట్లం విప్పగానే పిల్లకు అమ్మమ్మ వాకిట్లో ఎండబోసిన నెత్తళ్ల వాసన తగలాలి. ఆమె ఏమీ అనకుండా మరో గిన్నె చారు అడిగితే చాలు.

చివరిగా, మన పిల్ల అక్కడ ఎప్పుడూ నేర్చుకునేదిగానే మిగలకూడదు. సెప్టెంబరు 1న, 1923 నాటి మహాభూకంపం జ్ఞాపకార్థం, జపాన్ అంతటా విపత్తుల సన్నాహక దినం పాటిస్తారు; ఆ భూకంపంలో యోకోహామా నగరం నేలమట్టమైంది. బల్ల కింద దూరి తలను కాపాడుకోవడం ఆ రోజుల్లో మన పిల్ల నేర్చుకుంటుంది. కాని అదే కాలంలో తుఫాను వస్తే, గాలి ఒక్కసారిగా ఆగిపోయినా బయటికి వెళ్లకూడదనీ, రెండోవైపు నుంచి మళ్లీ వీస్తుందనీ ఆమెకు తెలిసి ఉంటుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను ఆమె చూడకపోయినా, ఆ రోజు గురించి అమ్మమ్మ ఎన్నోసార్లు చెప్పే ఉంటుంది. జపాన్‌లో తుఫానులను ఆ ఏడాది వరుస సంఖ్యతో పిలవడం వాడుక. మీ ఊరి తుఫానుది ఎన్నో నంబరు అని స్నేహితురాలు అడిగితే, దానికి పక్షి పేరు పెట్టారని ఈమె చెప్పాలి. ఆ రాత్రి ఇద్దరిలో ధైర్యం చెప్పేది మన పిల్ల కావాలి.

తిరుగు ప్రయాణపు విమానంతో నవలను ముగించే ఆలోచన మానుకో. రెండో, మూడో అధ్యాయాలు తిరగరాసి, నాకు పంపేముందు మీ వీధిలో నాలుగో తరగతి పిల్లలకు గట్టిగా చదివి వినిపించు. వాళ్లు ఎక్కడ కదలడం మొదలుపెడతారో ఆ పేజీల అంచున పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ ప్రతినే నాకు పంపు.

శుభం.

ఇట్లు,
మీ మామయ్య