నిరంకుశ రాజరికం, నియంతృత్వం ఒకటేనా?

సందేహం: పద్నాలుగో లూయీ నాటి ఫ్రాన్స్ గురించి తెలుగులో ఒకచోట 'నిరంకుశ రాజరికం' అని, ఒకచోట 'సంపూర్ణ రాజరికం' అని, మరోచోట 'నియంతృత్వం' అని రాస్తున్నారు. పిల్లలకు ఏది చెప్పాలి? 'నిరంకుశ' అంటే తిట్టులా వినిపిస్తోంది కదా?
– ఒక చరిత్ర ఉపాధ్యాయురాలు

సమాధానం: మూడింటిలో 'నియంతృత్వం' మాత్రం వద్దమ్మా. నియంత అనగానే మనకు హిట్లర్, ముస్సోలినీ గుర్తొస్తారు. వాళ్లకు అధికారం వారసత్వంగా రాలేదు. లూయీ 1643లో తండ్రి పోయాక, అయిదేళ్లైనా నిండకుండానే రాజయ్యాడు. రాజ్యాధికారం దేవుడిచ్చినదని, వంశక్రమంలో వస్తుందని ఆ కాలం నమ్మింది.

ఇక 'నిరంకుశ'. అంకుశం మావటివాడి చేతిలో ఉండేది. అది లేనివాడు, అంటే పైన అదుపు లేనివాడు నిరంకుశుడు. దుర్మార్గుడన్న అర్థం మాటలో లేదు. 'నిరంకుశాః కవయః' అన్న నానుడి కవులను తిట్టడానికి పుట్టలేదు (వ్యాకరణం తప్పినప్పుడు వాళ్లు దాన్ని అడ్డం పెట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి). ఊరేగింపుల్లో 'నిరంకుశత్వం నశించాలి' అని అరిచీ అరిచీ మనం దాన్ని తిట్టు చేసుకున్నాం. ఇలాంటి రాజరికానికి ఫ్రెంచివాళ్లు వాడిన 'అబ్సొల్యూ' (absolu) అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం 'కట్లు విప్పినది'. రాజు తన చట్టాలకు తాను బద్ధుడు కాడని భావం. 1576లో సార్వభౌమాధికారం గురించి రాసిన జాఁ బొదాఁ చెప్పింది అదే. అయితే దైవశాసనానికి, ప్రకృతి ధర్మానికి రాజు లోబడాల్సిందేనని కూడా ఆయనే అన్నాడు.

'సంపూర్ణ' నాకు నచ్చదు. సంపూర్ణ మద్యనిషేధంలో ఆ మాటకు ఎంత విలువో ఇక్కడా అంతే. నిజమే, 1614 తర్వాత 1789 దాకా దేశ ప్రతినిధుల సభను ఏ రాజూ సమావేశపరచలేదు. రాజముద్ర ఉన్న ఒక్క ఉత్తరంతో విచారణ లేకుండా మనిషిని జైల్లో వేయించవచ్చు. 1685లో ప్రొటెస్టెంట్లకు ఉన్న మత స్వేచ్ఛను లూయీ ఒక శాసనంతో రద్దు చేశాడు. కానీ అదే రాజు, డబ్బుకు అమ్మిన న్యాయాధికారి ఉద్యోగాన్ని ఊరికే వెనక్కి తీసుకోలేడు. 1604 నుంచి ఏటా రుసుము కట్టే అధికారికి ఆ పదవి ఆస్తితో సమానం, కొడుక్కి ఇచ్చుకోవచ్చు. బ్రిటనీ, లాంగ్‌డాక్ లాంటి రాష్ట్రాల్లో పన్ను కావాలంటే అక్కడి సభలతో బేరమాడాల్సిందే. 'రాజ్యమంటే నేనే' అని లూయీ అన్నాడంటారు గానీ, దానికి ఆ కాలపు ఆధారం లేదు. దయచేసి పిల్లలకు అది ఆయన మాటగా చెప్పకండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ప్యారిస్ 'పార్లమెంటు' అని రాస్తుంటారు. పిల్లలు ఎన్నికలు, ఎంపీలు అనుకుంటారు. నిజానికి అది ఉన్నత న్యాయస్థానం. పార్లమాఁ అని అరసున్నతో రాస్తే మేలు, పాపం అరసున్నకూ ఇన్నాళ్లకు ఒక పని దొరుకుతుంది. రాజశాసనాన్ని ఈ న్యాయస్థానం తన పుస్తకంలో నమోదు చేయాలి, అభ్యంతరముంటే ముందే చెప్పవచ్చు. 1673లో లూయీ ముందు నమోదు చేయండి, తర్వాతే అభ్యంతరాలు చెప్పండి అన్నాడు. 1715 సెప్టెంబరు 1న ఆయన చనిపోయాడు. మర్నాడే ఆ పార్లమాఁ ఆయన వీలునామాను పక్కన పెట్టి, ఇంకా పసివాడైన కొత్త రాజు తరఫున పాలించే పూర్తి అధికారం ఓర్లియాఁ డ్యూక్‌కు అప్పగించింది. డ్యూక్ అందుకు బదులుగా ముందే అభ్యంతరం చెప్పే హక్కును వాళ్లకు తిరిగిచ్చాడు.

కాబట్టి 'నిరంకుశ రాజరికం' అనే చెప్పండి, పక్కనే పార్లమాఁ కథ కూడా చెప్పండి. సంస్కృత విశేషణానికి తెలుగు 'రాజరికం' తగిలిస్తే వైరి సమాసం కాదా అని ఎవరైనా అడిగితే, అవును, అవుతుంది. పట్టింపు ఉన్నవారు 'నిరంకుశమైన రాజరికం' అని రాసుకోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాక నేనైతే పట్టించుకోను.