ప్రార్థన నోట రానప్పుడు కవిత్వం ఊరటనిస్తుందా? నా అనుభవం

"అమ్మ పోయి ఆరు నెలలైంది, చర్చికి వెళ్తున్నా ప్రార్థన మాత్రం నోట రావట్లేదు, క్రైస్తవ కవిత్వం చదివితే ఊరట దొరుకుతుందంటున్నారు, నిజమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగారు కదా. నిజమేనండి, నాకు దొరికింది. కాకపోతే నేను వెతికిన చోట కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మేముండేది చెన్నై పెరంబూరులో. 2019లో మా తమ్ముడికి కిడ్నీలు పాడై 47 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. పగలు అమ్మ ఉండేది, ఆఫీసు అయ్యాక నేను 29సి బస్సెక్కి వెళ్లి రాత్రికి వాడి దగ్గర పడుకునేదాన్ని. 26 ఏళ్లవాడు, ఇంటికి తిరిగి రాలేదు. భూస్థాపన అయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్లు "దేవుడు తనకిష్టమైనవాళ్లని తొందరగా పిలుచుకుంటాడమ్మా" అనేవాళ్లు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. ఫోన్ నిండా పువ్వుల బొమ్మల మీద వాగ్దాన వచనాలు వచ్చేవి. అవి చూస్తుంటే నాకు ఊపిరాడేది కాదు, ఇంత బాధలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, విశ్వాసం లేనిదాన్ని కూడా నేనొక్కదాన్నే అనిపించేది.

ఆస్పత్రి నుంచి తెచ్చిన బ్యాగు రెండు నెలలు ఎవరం ముట్టుకోలేదు. ఒక ఆదివారం నేనే తీశాను. స్టీలు గ్లాసు, తుండు, ఛార్జరు, వాడి చిన్న బైబిలు. అందులో నా బస్సు టికెట్టు ఒకటి మడిచి పెట్టుకున్నాడు, 88వ కీర్తన దగ్గర. చివరి వచనం కింద పెన్సిల్‌తో గీత, సెలైన్ ఎక్కుతున్న చేత్తో గీశాడేమో, వంకరగా ఉంది. "చీకటియే నాకు బంధువర్గమాయెను." అంతే, ఆ కీర్తన అక్కడితో అయిపోతుంది. తర్వాత ఆశ లేదు, స్తోత్రం లేదు. ఇరవై ఏళ్లుగా చర్చికి వెళ్తున్నా, బైబిల్లో ఇలాంటి మాటతో ముగిసిపోయే పాట ఉందని నేనెప్పుడూ గమనించలేదు. బంధువర్గం అంటే మనకి ఇంటి నిండా జనం, పెళ్లిళ్లు, పలకరింపులు. ఆ మాట పక్కన చీకటిని కూర్చోబెట్టాడు ఆ కవి.

నేల మీద కూర్చుని అది పైకి చదివాను. చదువుతుంటే ఒకటి అర్థమైంది. ఆ మనిషి మొదటి వచనంలోనే నా రక్షణకర్తవు అని దేవుణ్ణి పిలిచి, చివరిదాకా "నీవు, నీవు" అంటూ ఆయనతోనే మాట్లాడుతున్నాడు. కోపం, నిష్ఠూరం అన్నీ ఆయన మొహం మీదే అంటున్నాడు. అదే ప్రార్థన. మా తమ్ముడు ఆ గీత గీసినప్పుడు వాడూ అదే చేశాడు. వాడు చివరి రోజుల్లో ఒంటరిగా లేడన్న ధైర్యం నాకు ఆ గీత వల్లే వచ్చింది.

అందుకని నా మాట వింటే ఉత్సాహపరిచే కవితలతో మొదలుపెట్టకండి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. ముందు 13వది చదవండి, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు అడుగుతాడు, ఎన్నాళ్లు, ఎంతకాలం అని. అయిదో వచనం "నేనైతే" అని మొదలవుతుంది. బాధ పోయిందని ఎక్కడా చెప్పడు, "నేనైతే" అంటాడు, అంతే. కొన్ని రోజులు నేను ఆ ఒక్క మాట దాకా చదివి మూసేసేదాన్ని.

తర్వాత బైబిల్లోనే ఉన్న విలాపవాక్యములు అనే పుస్తకం. యెరూషలేము కూలిపోయాక పాడిన ఏడుపు అది. హీబ్రూలో 22 అక్షరాలు, మొదటి నాలుగు అధ్యాయాల్లో వచనాలు ఆ అక్షరాల వరసలోనే మొదలవుతాయి, మూడోదానిలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, మొత్తం 66. తెలుగులోకి వచ్చేసరికి ఆ వరస కనబడదు, అందుకే మనకెవరికీ తెలియదు. ఊరు కాలిపోయినవాడు అంత లెక్కగా ఎందుకు రాశాడా అనుకునేదాన్ని. దుఃఖానికి ఒడ్డు ఉండదు కదండీ, పట్టుకోవడానికి అక్షరాలైనా కావాలి. దేవుడి వాత్సల్యం గురించి చెప్పే "అనుదినము నూతనముగా" అనే మాటలు సరిగ్గా ఈ మధ్య అధ్యాయంలోనే ఉన్నాయి. క్యాలెండర్ల మీద ఒంటరిగా వేసే ఆ వచనానికి ముందూ వెనకా అంత ఏడుపుందని తెలిశాకే నాకు దాని మీద నమ్మకం కుదిరింది.

మా అమ్మ చదువుకున్నది తక్కువ. ఆవిడకి పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే దిక్కు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) లాంటివాళ్లు మన రాగతాళాల్లో కట్టినవి. బియ్యంలో రాళ్లు ఏరుతూ పాడుతుంది, చరణం మధ్యలో గొంతు పూడుకుపోతే చేట ఆపుతుంది, మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. పద్యం ఇష్టమైతే జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' ఉంది, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం, నెమ్మదిగా చదువుకోవాలి.

ఒక్క మాట, నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతింటే డాక్టర్ని కూడా కలవండి, నేనూ కలిశాను.

ఇక చివరిగా, మీరూ రాయండి. నేను రూళ్ల నోట్‌బుక్ కొని మన అక్షరాల వరసలోనే రాయడం మొదలుపెట్టాను, అక్షరానికో వాక్యం, దేవుడితో మాట్లాడినట్టే. "క" కి కారిడారు, ఆ ట్యూబ్‌లైట్ రాత్రంతా కొట్టుకునేది, అది రాశాను. "గ" కి గ్లాసు. "చ" కి చీకటి. "త" దగ్గర ఆగిపోయాను. ఏం రాయాలో తెలుసు, చెయ్యి కదల్లేదు. ఆ పేజీ మూడు నెలలు ఖాళీగా ఉంది, వెనక అక్షరాలు రాసుకుంటూ పోయాను. ఈస్టరు ముందు రోజు రాత్రి మళ్లీ తెరిచి "తమ్ముడు నీ దగ్గరున్నాడా ప్రభువా, వాడికి చలి ఎక్కువ, చూసుకో" అని రాశాను. పోయిన ఇన్నాళ్లకి అది నా మొదటి ప్రార్థన.