కళ్లద్దాలు, దిద్దులు, హెడ్‌ఫోన్లు

ప్రశ్న: నేను ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠాల ఆడియోను సరిచేసే పని చేస్తున్నాను. రోజుకు ఆరేడు గంటలు హెడ్‌ఫోన్లు పెట్టుకోక తప్పదు. రాత్రిపూట పాత కర్ణాటక కచేరీల రికార్డింగులు వినడం నాకు అలవాటు. స్పష్టంగా వినిపిస్తుందని స్టూడియోలలో వాడే తరహా హెడ్‌ఫోన్లు కొన్నాను. గంట దాటేసరికి కళ్లద్దాల కాడల దగ్గర కణతలు నొక్కుకుపోతున్నాయి. చెమటకు చెవులు తడిసిపోతున్నాయి. మా చెల్లెలివి తేలికైనవి, హాయిగానే ఉంటాయి గాని వాటిలో మృదంగం డొల్లగా వినిపిస్తుంది. పైగా అవి చెవి మీద ఆనేవి కావడంతో దిద్దుల మరలు గుచ్చుకుంటాయి. సుఖం కావాలంటే నాదాన్ని వదులుకోవలసిందేనా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. మీ చెల్లెలి హెడ్‌ఫోన్లు పెట్టుకొని, తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం నడుస్తున్న చోట, రెండు అరచేతులతో వాటిని చెవులకేసి మెల్లగా అదమండి. మృదంగం ఎడమవైపు తొప్పి ఒక్కసారిగా గుమ్మని పలికిందంటే, వాటిలోని స్పీకర్లకు ఆ నాదాన్ని పలికించే శక్తి ఉన్నట్టే. హెడ్‌ఫోన్ల మెత్తని దిండ్లకూ మీ తలకూ మధ్య మిగిలిన సందులోంచి అది జారిపోతున్నది. మూసి ఉండే హెడ్‌ఫోన్లలో మంద్రధ్వని చెవి చుట్టూ బంధించిన కాస్త గాలి మీదే ఆధారపడుతుంది కనుక, కళ్లద్దాల కాడ దిండును ఏమాత్రం ఎత్తిపట్టినా మొదట పోయేది అదే. వయొలిన్, గాయకుడి గొంతు దాదాపు అలాగే ఉంటాయి, తొప్పి మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు అవుతుంది. అప్పుడు మనం చేసే పని వాల్యూమ్ పెంచడం. పెద్దలకు వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెల్స్ హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మీ పని గంటలు ఆ 40కి ఇప్పటికే చేరువలో ఉన్నాయి కాబట్టి ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకండి.

ఇక మీ స్టూడియో హెడ్‌ఫోన్ల బిగింపు విషయం. ఆ సందు ఏర్పడకూడదనే వాటిని అంత బిగువుగా తయారుచేస్తారు. తలపట్టీ లోపల లోహపు రేకు ఉన్న మోడల్ అయితే, మీ తల కంటే కొద్దిగా వెడల్పైన పుస్తకాల దొంతరకు ఒక రాత్రి తగిలించి ఉంచితే కొంత సడలుతుంది. ప్లాస్టిక్ పట్టీతో మాత్రం ఈ సాహసం చేయకండి, అది విరుగుతుంది. ‘వాడగా వాడగా అదే సర్దుకుంటుంది’ అని దుకాణదారు చెప్పే మాటలో దిండ్లు మెత్తబడతాయన్నంత వరకే నిజం. వీటన్నిటికంటే చవకైన, నా అనుభవంలో బాగా పనిచేసిన ఉపాయం, పని వేళల కోసం సన్నని లోహపు కాడలున్న కళ్లద్దాలు చేయించుకోవడం. లావుపాటి ప్లాస్టిక్ కాడలు కణతకూ నాదానికీ రెండింటికీ చేటు.

చెమట విషయంలో మీ ఊరి ఉక్కను లెక్కలోకి తీసుకోవాలి. తోలును పోలిన రెక్సిన్ దిండ్లు గాలిని బాగా బంధిస్తాయి గాని, చర్మానికి అంటుకుపోతాయి, రెండు మూడు వేసవులకు పొరలు పొరలుగా ఊడి చెవుల మీద నల్లని పొట్టు రాలుస్తాయి. మఖమల్ దిండ్లు చల్లగా ఉంటాయి, కానీ వాటి గుండా గాలి కొంత పోతుంది కాబట్టి మంద్రం కొంచెం పలచబడుతుంది. దిండు మందం మారితే స్పీకరుకూ చెవికీ మధ్య దూరం మారి నాదం స్వరూపమే మారిపోతుంది. అందువల్ల మీ మోడల్‌కు తయారీదారే అమ్మే దిండ్లను తప్ప మరో రకాన్ని తగిలించకండి.

కొత్తవి కొనదలిస్తే, రాత్రి కచేరీల కోసం వెనుకభాగం తెరిచి ఉండే రకాన్ని చూడండి. 1997లో వచ్చి నేటికీ అమ్ముడవుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇందుకు మంచి ఉదాహరణ. దాని దిండ్లు మఖమల్‌వి, చెవి మొత్తం లోపల ఇమిడిపోతుంది కాబట్టి దిద్దుల మరలు నొక్కుకోవు, కళ్లద్దాల వల్ల కలిగే నష్టమూ తక్కువ. బరువు సుమారు 260 గ్రాములు. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 గ్రాముల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. అయితే ఇదీ కొత్తలో బిగువుగానే ఉంటుంది, పైగా 300 ఓమ్‌ల విద్యుత్ నిరోధం ఉన్న రకం కనుక ఫోనుకు నేరుగా తగిలిస్తే చాలినంత గట్టిగా పలకకపోవచ్చు. చిన్న యాంప్లిఫయర్ ఖర్చును కూడా ముందే లెక్క వేసుకోండి. ఏ రకమైనా సరే, రోజూ పెట్టుకునే కళ్లద్దాలు, దిద్దులతోనే దుకాణానికి వెళ్లి, కనీసం అరగంట తల మీద ఉంచుకొని చూడండి. దుకాణంలో అయిదు నిమిషాలు అన్నీ హాయిగానే ఉంటాయి.

పగటి ఎడిటింగుకు మాత్రం వైరున్న హెడ్‌ఫోన్లనే వాడండి. బ్లూటూత్‌లో ధ్వని రవ్వంత ఆలస్యంగా చేరుతుంది కనుక, మాటను ఎక్కడ కత్తిరించాలో చేతికి సరిగా అందదు. సడలించిన పట్టీతో, కొత్త దిండ్లతో మీ పాతవే ఆ పనికి సరిపోతాయి. తెరిచిన రకంలో ఫ్యాను చప్పుడు లోపలికి వస్తుంది, మీ కచేరీ బయటికి వినిపిస్తుంది. మీ చెల్లెలు అదే గదిలో పడుకునేట్లయితే కొనేముందు ఆమెను కూడా ఒక మాట అడగండి.