వార్తను చదవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంటికి రెండు దినపత్రికలు వస్తాయి. ఈ మధ్య జరిగిన ఒకే బహిరంగ సభను ఒక పత్రిక జనసంద్రమని, రెండవది ఖాళీ కుర్చీల సభ అని రాసింది. మా నాన్నగారు ఒకదాన్ని, బాబాయి మరొకదాన్ని నమ్ముతారు. డిగ్రీలో జర్నలిజం ఒక పాఠ్యాంశంగా చదువుతున్న నాకు, మీడియాను విమర్శనాత్మకంగా చూడడమంటే రెండింటినీ నమ్మకపోవడమేనా అనే సందేహం కలిగింది. అసలు పత్రికలు సమాజాన్ని నడిపిస్తాయా, లేక సమాజమే పత్రికలను నడిపిస్తుందా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: దేన్నీ నమ్మకపోవడం శ్రమ తప్పించుకొనే మార్గం మాత్రమే. పత్రికలన్నీ అబద్ధాలే అని కొట్టిపారేసేవారు, తమ కులంవారో తమ పార్టీవారో ఫోనుకు పంపినదాన్ని మారు మాట లేకుండా నమ్మడం మనం నిత్యం చూస్తున్నదే. మీరు చెప్పిన సభ విషయంలో రెండు ఫొటోలూ నిజమైనవే అయి ఉండవచ్చు. నాయకుడు రాకముందు వెనుక వరుసల నుంచి తీసిన ఫొటో, ఆయన మాట్లాడుతుండగా వేదిక మీది నుంచి తీసిన ఫొటో ఒకే సభవైనా ఒకేలా ఉండవు. కాబట్టి నిజమా అబద్ధమా అని అడిగే ముందు, ఈ క్షణాన్నే, ఈ కోణాన్నే, ఈ శీర్షికనే ఎవరు ఎంచుకున్నారు, ఎవరి కోసం ఎంచుకున్నారు, దానికి చోటివ్వడానికి దేన్ని పక్కన పెట్టారు అని అడగాలి.

ఈ ఎంపికకు ఎంత బలముందో 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో మెకూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే చిన్న పట్టణంలో పరిశీలించి, 1972లో ప్రచురించారు. ఇంకా ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోని ఓటర్లు ముఖ్యమని చెప్పిన అంశాలు, వారు చదివే పత్రికలు, చూసే వార్తా ప్రసారాలు ప్రాధాన్యమిచ్చిన అంశాలతో దాదాపు సరిపోయాయి. ఏమనుకోవాలో చెప్పడం కన్నా, దేని గురించి అనుకోవాలో నిర్ణయించడంలోనే మీడియా శక్తి ఎక్కువగా ఉందన్న వాదానికి ఆ పరిశోధన ఆధారమైంది.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. పొగాకు వేలాల కాలంలో ఒంగోలు, కందుకూరు, కొండపి, కలిగిరి వేలం కేంద్రాల వార్తలు జిల్లా పేజీల్లో వస్తాయి. శీర్షికకు ఎక్కేది తరచుగా ఆ రోజు పలికిన గరిష్ఠ ధర. మేలు రకానికి చెందిన కొద్ది బేళ్లకు మాత్రమే ఆ ధర దక్కి ఉండవచ్చు. రైతు ఇంటికి చేరే డబ్బును నిర్ణయించేది సరాసరి ధర, కొనేవారు లేక తిరస్కరణకు గురై వెనక్కి వెళ్లిన బేళ్ల సంఖ్య. ఈ రెండు వివరాలూ ఉంటే వార్త చివరి పంక్తుల్లో ఉంటాయి, లేకపోతే లేవు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా ఉండదు. అయినా పట్నంలో ఆ శీర్షిక చూసినవారు ఈ ఏడు పొగాకు రైతు పంట పండిందనే అనుకుంటారు. ఒక వేలం సీజను మొత్తం మీద శీర్షికలోని ధరను, లోపలి సరాసరి ధరను పక్కపక్కన రాసుకుంటూ వెళ్తే, మీ ప్రాజెక్టుకు అంతకన్నా మంచి విషయం మరొకటి దొరకదు.

ఎంచుకొనేది ఎవరో తెలుసుకొనే దారులు పత్రికలోనే ఉన్నాయి. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాలతో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు ఉంటాయి. 1956 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ నిబంధనలు యజమానుల పేర్లతో పాటు, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లను కూడా ఏటా ఫిబ్రవరి ముగిసిన తరువాత వచ్చే తొలి సంచికలో ప్రకటించాలని ఆదేశించాయి. గ్రంథాలయంలో పాత మార్చి సంచికలు తిరగేసి ఆ ప్రకటన చదవండి. ఆ యజమానులకు మరే వ్యాపారాలు ఉన్నాయో తెలిసిన తరువాత కొన్ని వార్తలు ఎందుకు పెద్దవయ్యాయో, కొన్ని ఎందుకు కనబడకుండా పోయాయో సులభంగా అర్థమవుతుంది. అక్కడితో ఆగిపోకూడదు. మండల స్థాయిలో వార్త రాసే విలేకరులు చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్ది మొత్తం ముడుతుంది, పైగా ప్రకటనలు సేకరించే భారం కూడా వారి మీదే పడుతుంది. పండుగ శుభాకాంక్షల ప్రకటన ఎవరిని అడిగి తెచ్చాడో, మరునాడు వారి మీదే విమర్శ రాయవలసి వచ్చినప్పుడు ఆ విలేకరి పరిస్థితి ఏమిటో ఊహించండి. 2009 ఎన్నికల తరువాత డబ్బు తీసుకొని వార్తలుగా అచ్చువేసిన ప్రచారంపై, పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని నియమించినప్పుడు, ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆ నివేదికలో ప్రముఖంగా చోటు చేసుకుంది. సభ్యుల్లో ఒకరైన కె. శ్రీనివాసరెడ్డి తెలుగు పాత్రికేయులే.

ఇక పత్రికలు సమాజాన్ని నడిపిస్తాయా, సమాజమే పత్రికలను నడిపిస్తుందా అన్న మీ రెండవ సందేహం. దానికి జవాబు మీకు ఎంతో దూరం లేని కలిగిరి మండలంలోని దూబగుంటలో ఉంది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వెళ్లిన కూలి స్త్రీలు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివారు, సారా మీద చర్చించారు, ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. సారా వేలాల మీద ఆదాయం పొందిన ప్రభుత్వమే ఆ వాచకాన్నీ నడిపించింది. రాసినవారు ఉద్దేశించిన అర్థాన్నే పాఠకులు తీసుకోరని, తమ బతుకును బట్టి దాన్ని ఒప్పుకోవచ్చు, బేరమాడవచ్చు, ఎదిరించవచ్చు అని 1973లో బ్రిటన్‌కు చెందిన మీడియా అధ్యయనవేత్త స్టూవర్ట్ హాల్ సిద్ధాంతీకరించారు. దూబగుంట స్త్రీలు ఒక అడుగు ముందుకేసి, పాఠాన్ని పనిగా మార్చారు. ఆ ఊరి అనుభవం తరువాతి వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. అక్షరం రానివారికి పత్రిక చదివి వినిపించినవారూ ఉన్నారు. 1992లో ఈనాడు ఈ ఉద్యమానికి ప్రత్యేకంగా చోటు కేటాయించి వరుసగా వార్తలు ప్రచురించడంతో, ఒక ఊరి వారు చేసినది మరో ఊరి వారికి మరునాడే తెలియసాగింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది.

పత్రిక ఉద్యమాన్ని పుట్టించలేదు, ఉద్యమం లేకపోతే ఆ వార్తలూ ఉండేవి కావు. అయితే పత్రిక లేకుండా ఆ వేగం వచ్చేది కాదు. ఒక నష్టమూ జరిగిందని నా అభిప్రాయం. మీడియాకు ఒక ముఖం కావాలి కనుక దూబగుంట రోశమ్మ పేరు నిలిచింది. ఆమెకు ఆ గౌరవం న్యాయమైనదే. అయితే ఆమె పక్కన నిలబడిన వ్యవసాయ కూలీలు, దళిత స్త్రీలు కథ నుంచి జారిపోయారు. 1992లో స్త్రీల మాటలు వినిపించిన పేజీలను, 1997లో నిషేధం సడలింపు గురించి రాసిన పేజీలను పక్కపక్కన పెట్టి, ఎవరి మాట ఎన్ని పంక్తులు వచ్చిందో లెక్కించి చూడండి.

ప్రశ్న: కరోనా కాలంలో కృష్ణపట్నం మందు గురించి మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన ప్రతి వీడియోనూ మేము నమ్మాం. అటువంటప్పుడు చదువుకున్నవారు కూడా ఎలా జాగ్రత్తపడాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: మాస్టారూ, 2021 మేలో ఆక్సిజన్ పడకలు దొరకక జనం అల్లాడుతున్నప్పుడు ఆనందయ్య మందు వార్త వచ్చింది. భయం ఉన్నచోట వీడియోకు రెక్కలు వస్తాయి, చదువు తక్కువై కాదు. అందులో గమనించవలసినది ఒక చిన్న తేడా. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదిక ఆధారంగా మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను పక్కన పెట్టి, కొన్ని మందులకు అనుమతి ఇచ్చింది. ఆ మందుల వల్ల హాని లేదన్నారే గాని, కరోనా తగ్గుతుందనడానికి ఆధారముందని అనలేదు, వైద్యులు ఇచ్చిన మందులు మానవద్దని కూడా చెప్పారు. ఫోన్లకు చేరిన సందేశాల్లో ఆ మూడు మాటలూ కరిగిపోయి, ప్రభుత్వం ఒప్పుకుంది అన్న ఒక్క ముక్క మిగిలింది. కోలుకున్నవారి వీడియోలు మాత్రమే తిరిగాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. మందు వేసుకొని కోలుకోనివారు వీడియో ఇవ్వరు. ఎవరైనా ఆదేశం వచ్చిందని పంపితే, ఆదేశం ప్రతిని అడగండి. తుపాను వీడియో వస్తే, అందులోని దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయో ఆపి చూడండి.

ప్రశ్న: తప్పుడు వార్త వల్ల నష్టపోయినవారు ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అచ్చు పత్రిక అయితే ముందుగా సంపాదకుడికి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ లేఖ ప్రతి దగ్గర ఉంచుకోండి. ఫలితం లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపవచ్చు. దినపత్రికలు, వారపత్రికల విషయంలో వార్త వచ్చిన రెండు నెలల లోపు, ఇతర పత్రికల విషయంలో నాలుగు నెలల లోపు పంపాలి. విషయం న్యాయస్థానంలో ఉంటే కౌన్సిల్ విచారణ చేపట్టదు. హెచ్చరించడం, మందలించడం తప్ప జరిమానా వేసే అధికారం కూడా దానికి లేదు, అందుకే చాలామంది దీన్ని పట్టించుకోరు. టెలివిజన్ ఛానళ్లు దాని పరిధిలోకి రావు. వాటికి 2021 నిబంధనల ప్రకారం ముందు ఆ ఛానల్‌కే ఫిర్యాదు చేయాలి. వారు 24 గంటల్లో అందినట్లు తెలిపి, 15 రోజుల్లో పరిష్కరించాలి. తృప్తి కలగకపోతే ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వయం నియంత్రణ సంఘానికి అప్పీలు చేసుకోవచ్చు. మా పత్రిక మీద ఫిర్యాదు ఉన్నా పద్ధతి ఇదే, మొదటి లేఖ మాకే రాయండి.