పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి బైపాసా, స్లీవా?
పార్కిన్సన్స్ ఉన్న 120 కిలోల నాన్నగారికి బరువు తగ్గడానికి విజయవాడలో గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించే ఆపరేషన్) చేయిద్దామా అని అడిగారు. తొందరపడకండి. ఆయన పార్కిన్సన్స్‌కు వేసుకునే లెవోడోపా మాత్ర చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలో కలుస్తుంది; బైపాస్‌లో తప్పించేది సరిగ్గా ఆ దారినే. స్లీవ్‌లో పొట్టను మాత్రమే కోసి చిన్నది చేస్తారు, పేగు జోలికి వెళ్లరు కాబట్టి నా మొగ్గు అటే. అయినా మోతాదు మార్చాల్సి రావచ్చు. గుంటూరులో చూసే న్యూరాలజిస్టును, సర్జన్‌ను ఫోనులోనైనా మాట్లాడించండి.

ఆపరేషన్‌కు ముందు పరగడుపు పేరుతో లెవోడోపా మాత్ర మానిపించనివ్వకండి. ఎన్ని గంటలకు వేయాలో రాయించుకోండి. వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ వద్దని కేసుషీటు మీద ఎర్ర సిరాతో రాయమనండి. వాంతులనగానే అలవాటుగా ఎక్కించేస్తారు, కండరాల బిగుతు పెరిగిపోతుంది. ఆపరేషన్ తర్వాత బి12, థయమిన్ (బి1) విటమిన్ల పరీక్షలు తప్పనిసరి. అవి తగ్గితే నడక తూలుతుంది. ఇంట్లోవాళ్లేమో జబ్బు ముదిరిందనుకుంటారు.