హార్డెనర్ పెంచకండి, ముందు లెక్క చూడండి

గుణుపురం మిత్రులకు నమస్కారం. ఎపాక్సీ రెజిన్‌లో 15 శాతం పాలీఈథర్‌ఇమైడ్ అనే ప్లాస్టిక్ కలిపాక, డీఎస్సీలో (చర్యలో వెలువడే వేడిని కొలిచే పరికరంలో) అది గట్టిపడేటప్పుడు వచ్చే వేడి గ్రాముకు 400 జౌళ్ల నుంచి 335కి పడిపోయిందని, ఎపాక్సీని గట్టిపరిచే డీడీఎస్ అనే అమీన్ హార్డెనర్ ఇంకాస్త వేయాలా అని అడిగారు. (పర్లాకిమిడిలో మా ఇంట్లోవాళ్లు డీఎస్సీ అంటే టీచరు ఉద్యోగాల పరీక్షే అనుకుంటారు!)

వేయకండి. మీరు తూచిన గ్రాములో 15 శాతం ప్లాస్టిక్కే. అది చర్యలో పాల్గొనదు, వేడీ ఇవ్వదు. 335ను 0.85తో భాగించండి: 394. అంటే మీ ఎపాక్సీ ఇవ్వాల్సిన వేడి దాదాపు అంతా ఇచ్చింది. హార్డెనర్ పెంచితే మిగిలిపోయిన అమీన్ బిగువును చెడగొడుతుంది. డీఎస్సీ గ్రాఫ్‌లో శిఖరం కాస్త ఎక్కువ ఉష్ణోగ్రత వైపు జరగడమూ సహజమే. చర్య జరిపే సమూహాలు పలచబడ్డాయి, మిశ్రమం చిక్కబడింది.

అసలు చూడాల్సింది ఓవెన్ అద్దంలోంచి. తేనెరంగులో తేటగా ఉన్న ముద్ద ఒక దశలో పాలవిరుగుడులా మసకబారుతుంది. ఎపాక్సీ అణువులు పెద్దవవుతున్నకొద్దీ ప్లాస్టిక్‌ను తమలో ఇముడ్చుకోలేక వెలివేస్తాయి. 10 శాతం దగ్గర అది బొట్లుగా విడిపోతుంది, 15–20 దగ్గర రెండూ అల్లుకుపోతాయి. పగుళ్లను ఆపే గట్టిదనం ఎక్కువగా ఆ అల్లికలోంచే వస్తుంది.

ప్లాస్టిక్‌ను డైక్లోరోమీథేన్ అనే ద్రావకంలో కరిగించి కలిపి ఉంటే, అది పూర్తిగా పోయి బరువు ఇక తగ్గదనేదాకా వాక్యూమ్‌లో ఉంచండి. చివర్లో 180 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టి, ఆ ముక్కనే మళ్లీ డీఎస్సీలో వేయండి. మిగులు వేడి కనిపిస్తే (అంటే చర్య ఇంకా పూర్తి కాలేదన్నమాట) ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.